డాష్‌బోర్డు కట్టాం, చూసేదెవరు?

కొన్నేళ్ళ కిందట హైదరాబాదులో ఒక మందుల కంపెనీ అమ్మకాల విభాగంలో ఎంఐఎస్ పని చేసేవాణ్ణి. పేరు గొప్పదే గాని, పని మాత్రం పొద్దున్నే ఎక్సెల్ షీట్లు అతకడం. ఆ రోజుల్లోనే కంపెనీకి డాష్‌బోర్డు వచ్చింది. ఆర్నెల్లు కూర్చుని కట్టారు. రాష్ట్రం మీద నొక్కితే జిల్లాలు, జిల్లా మీద నొక్కితే స్టాకిస్టులు, స్టాకిస్టు మీద నొక్కితే ఏ మాత్ర ఎన్ని స్ట్రిప్పులు పోయిందో కనిపించేది. ప్రారంభం రోజున కేకు కూడా కోశారు. తరవాతి సోమవారం తొమ్మిదిన్నరకి వరంగల్ ఏరియా మేనేజర్ ఫోను.

"తమ్ముడూ, ఆ కొత్తదాంట్లోంచి డంప్ తీసి మెయిల్ కొట్టవా? మన పాత ఫార్మాట్‌లో వెయ్యి. పదింటికి రివ్యూ ఉంది."

"అన్నా, మీ లాగిన్‌లోనే ఉంది కదా."

"ఉందిలే. నువ్వు పంపు."

పంపాను. ఆయనకే కాదు, ఇంకో ఆరుగురికి కూడా. ఆ వారం ఎవరెవరు ఎన్నిసార్లు సిస్టమ్ తెరిచారో లెక్క తీస్తే అందరికన్నా పైన నా పేరే ఉంది. దాన్ని చూసి ఒక్క నిర్ణయమూ తీసుకునే పనిలేని మనిషిని నేను. నిర్ణయాలు తీసుకోవాల్సినవాళ్ళు నా మెయిల్‌లో వచ్చిన పాత షీటు ముందేసుకుని కూర్చున్నారు.

డబ్బు పోసి కట్టిన బిజినెస్ ఇంటెలిజెన్స్ వ్యవస్థలను ఉద్యోగులు ఎందుకు వాడతారు, ఎందుకు వాడరు? దీని మీద, దీనికి దగ్గరి ప్రశ్నల మీద నలభై ఏళ్ళుగా పరిశోధనలు వస్తూనే ఉన్నాయి. వరసగా చదువుకుంటూ పోతే పరిశోధకుల చూపు ఎటు నుంచి ఎటు జరిగిందో తెలుస్తుంది. మొదట ఉద్యోగి మనసులోకి చూశారు. తరవాత డేటా నాణ్యతలోకి చూశారు. మీటింగు గదిలోకి తొంగిచూసినవాళ్ళు మాత్రం తక్కువ. జవాబులో పెద్ద ముక్క ఆ గదిలోనే ఉందని నా అభిప్రాయం.

'బిజినెస్ ఇంటెలిజెన్స్' అన్న మాటకు వయసు ఎక్కువే. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1958లో రాసిన వ్యాసానికి పెట్టిన పేరే 'ఒక బిజినెస్ ఇంటెలిజెన్స్ వ్యవస్థ'. యంత్రమే కాగితాలు చదివి, సారం తీసి, సంస్థలో ఎవరికి ఏది కావాలో పోల్చుకుని వాళ్ళకు చేరవేయాలన్నది ఆయన ఊహ. 1989లో హోవర్డ్ డ్రెస్నర్ ఈ మాటను ఇప్పటి అర్థంలో ప్రచారంలోకి తెచ్చారు. ఆ తరవాత వచ్చిన సాఫ్ట్‌వేర్లు చాలావరకు లూన్ ఊహను తలకిందులు చేశాయి. సమాచారం ఒకచోట కూర్చుంది, మనిషే లాగిన్ కొట్టి దాని దగ్గరికి పోవాలి. పోతాడా, పోడా అన్న తకరారు అక్కణ్ణించి మొదలైంది. ఈ ఇద్దరి మధ్యలో, 1967లో, రసెల్ ఆకాఫ్ ఒక వ్యాసంలో మేనేజర్లకు ఉన్న పెద్ద రోగం అవసరమైన సమాచారం దొరక్కపోవడం కన్నా అక్కర్లేని సమాచారంలో మునిగిపోవడమేనని రాశారు. పద్నాలుగు ట్యాబులూ అరవై చార్టులూ ఉన్న డాష్‌బోర్డు తెరిచిన ప్రతిసారీ నాకు ఆయన గుర్తొస్తారు.

ఉద్యోగి మనసును కొలిచే పనికి పునాది వేసింది ఫ్రెడ్ డేవిస్. 1989లో అచ్చయిన ఆయన వ్యాసం అడిగిన ప్రశ్నలు రెండే. ఇది నా పనికి పనికొస్తుందని ఉద్యోగి అనుకుంటున్నాడా? వాడటం తేలికని అనుకుంటున్నాడా? మొత్తం 152 మందిని నాలుగు సాఫ్ట్‌వేర్ల గురించి అడిగి చూస్తే, వాడకంతో గట్టి ముడి ఉన్నది మొదటిదానికేనని తేలింది. తేలికదనం దాని వెనకాల నడిచేదే. మన ఊళ్ళలో ఇది కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. ట్యాలీ అందమైన సాఫ్ట్‌వేర్ అని ఎవరూ అనరు. అయినా కొట్టు గుమాస్తా తెర వంక చూడకుండానే ఎఫ్8 నొక్కి సేల్స్ వోచర్ కొట్టేస్తాడు. పనికొచ్చేది కష్టమైనా చేతికి అలవాటవుతుంది.

డేవిస్ నమూనాను తీసుకుని తరవాతివాళ్ళు వందల సర్వేలు చేశారు. బిజినెస్ ఇంటెలిజెన్స్ మీద వచ్చినవాటిలో కూడా చాలావాటికి వెన్నెముక అదే. అయితే ఆయన పరీక్షించిన ఆ నాలుగూ ఏమిటో ఒకసారి చూడాలి. ఒకటి ఈమెయిల్, ఒకటి ఫైళ్ళు దిద్దుకునే ఎడిటర్, మిగతా రెండూ బొమ్మలూ చార్టులూ గీసుకునేవి. నాలుగూ మనిషి పని మనిషికి చేసిపెట్టేవే. వాడినవాడి గురించి పైవాడికి చెప్పేది వాటిలో ఒక్కటీ లేదు. డాష్‌బోర్డు అలా కాదు. వరంగల్ మేనేజర్ తన అమ్మకాలు చూసుకోవడానికి తెరిచిన తెరలోనే ఆయన జోనల్ మేనేజరూ చూస్తాడు, పక్క జిల్లావాడూ చూస్తాడు. ఒకే వస్తువు పనిముట్టూ అవుతుంది, కాపలావాడూ అవుతుంది. దాన్ని 'నా పనికి పనికొస్తుందా' అని అడిగితే వచ్చే జవాబు సగం జవాబే. ఎవరి పనికి అన్నది మిగిలిపోతుంది.

2003లో విశ్వనాథ్ వెంకటేశ్, డేవిస్, మరి ఇద్దరు కలిసి అప్పటికి వాడుకలో ఉన్న ఎనిమిది సిద్ధాంతాలను ఒక్కచోట కలిపి కొత్త నమూనా కట్టారు. పనిలో లాభం, పడాల్సిన శ్రమ, చుట్టూ ఉన్నవాళ్ళ ప్రభావం, సంస్థ ఇచ్చే తోడ్పాటు, ఈ నాలుగూ అసలు కారణాలన్నారు. వయసు, ఆడా మగా తేడా, అనుభవం, ఇష్టంగానా తప్పనిసరిగానా అన్నవి ఆ కారణాల బలాన్ని పెంచీ తగ్గించీ పోతాయన్నారు. వాడాలన్న ఉద్దేశంలో తేడాలను సుమారు 70 శాతం దాకా ఈ నమూనా వివరించగలిగింది. ఈ రంగంలో అది పెద్ద అంకే. కాకపోతే అది ఉద్దేశం మాట. నలుగురి మాట పనిచేసేది వాడకం తప్పనిసరైన చోట, అదీ కొత్తలోనే, అలవాటయ్యేకొద్దీ దాని పట్టు సడలుతుంది అన్నది వాళ్ళ లెక్కల్లో నాకు నచ్చిన సంగతి. డాష్‌బోర్డు విషయంలో ఈ 'తప్పనిసరి' దగ్గరే ఇబ్బంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడకపోతే సరుకు గోడౌన్ దాటదు. డాష్‌బోర్డు తెరవకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. మధ్యాహ్నం భోజనానికి కూడా ఆలస్యం కాదు.

ఈ సర్వేలకు ఇంకో లోపం ఉంది, దాన్ని కప్పిపుచ్చకూడదు. 'మీరు వారానికి ఎన్నిసార్లు వాడతారు?' అని ఉద్యోగినే అడుగుతారు. 1995లో డెట్‌మార్ స్ట్రాబ్, ఆయన సహచరులు వాయిస్ మెయిల్ వాడకంలో ఉద్యోగులు చెప్పిన లెక్కనూ యంత్రంలో నమోదైన లెక్కనూ పక్కపక్కన పెట్టి చూశారు. రెంటికీ పొంతన అంతంత మాత్రం. పోనీ యంత్రం లెక్కే నమ్ముదామంటే అందులో పైన ఉండేది నాలాంటివాడు. డంప్ తీసి పంపేవాడు ఒక్కడు, దాన్ని వాడేవాళ్ళు ఏడుగురు. ఆ ఏడుగురూ లాగిన్లలో సున్నా. వాళ్ళు వాడుతున్నట్టా, వాడనట్టా? ఎక్సెల్ షీటును శత్రువుగా చూసే ఐటీ విభాగాలు ఈ ప్రశ్న జోలికి పోవు. నన్నడిగితే, మనిషి తన షీటును వదలడంలేదంటే ఆ షీటు చేసే పనేదో డాష్‌బోర్డు చేయడంలేదు. ఒక గడి పక్కన 'పేమెంట్ శుక్రవారం ఇస్తానన్నాడు' అని రాసుకునే చోటు ఏ డాష్‌బోర్డులో చూశాం?

మనసు నుంచి డేటా దగ్గరికి వద్దాం. అమ్మకాల రంగంలో రెండు మాటలున్నాయి. కంపెనీ స్టాకిస్టుకు అమ్మింది ప్రైమరీ. స్టాకిస్టు మందుల షాపుకు అమ్మింది సెకండరీ. నెలాఖరుకు టార్గెట్ కొట్టాలని స్టాకిస్టు మెడ మీద సరుకు పెడితే ప్రైమరీ ఉబ్బుతుంది. షాపుల్లో అమ్మకం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. వచ్చే నెల సగం వెనక్కి వస్తుంది. మా డాష్‌బోర్డు చూపించింది ప్రైమరీని. ఏరియా మేనేజర్ డైరీలో ఉండేది సెకండరీ. మొదటి రివ్యూలోనే తెర మీద అంకె ఒకటి, ఆయన చెప్పింది ఇంకొకటి. నిజానికి రెండూ సరైనవే. కాని పదిమంది ముందు ఒకసారి తేడా వచ్చాక ఆ తెరకు 'కాకి లెక్కలు' అన్న పేరు పడింది. ఆ పేరు తుడవడానికి ఏడాది పట్టింది.

స్లొవేనియాలో అలెష్ పొపోవిచ్, ఆయన తోటి పరిశోధకులు మధ్యతరహా, పెద్ద సంస్థలను సర్వే చేసి 2012లో ఇచ్చిన ఫలితం ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. సమాచారం నాణ్యతను వాళ్ళు రెండు ముక్కలు చేశారు. లోపలి సరుకు ఎంత సరైనది, దాన్ని అందుకోవడం ఎంత సులువు. సంస్థలు ఈ వ్యవస్థల్లో ముదిరేకొద్దీ ఎక్కువగా బాగుపడేది రెండోది, అంటే అందుబాటు. నిర్ణయాల్లో వాడకాన్ని కదిపింది మాత్రం మొదటిదే. అందుబాటు ప్రభావం లెక్కలోకి రానంత తక్కువ. ఉన్న శ్రమంతా ఒకచోట పెట్టి ఫలితం ఇంకోచోట వెతుక్కుంటున్నారన్నమాట. రంగులు మార్చడం, మొబైల్‌లో తెరుచుకునేలా చేయడం, లోడింగ్ సెకన్లు తగ్గించడం చెయ్యాల్సిన పనులే. 'సేల్' అంటే ఏ తేదీ సేల్, రిటర్నులు తీసేశాకనా తీయకముందా అన్నది తేల్చకుండా అవన్నీ చేస్తే పెళ్ళికొడుకు లేని పెళ్ళి ఊరేగింపే.

అదే అధ్యయనంలో ఇంకొక మెలిక ఉంది. అంకెలు చూసి నిర్ణయం తీసుకునే అలవాటు బలంగా ఉన్న సంస్థల్లో సమాచారం వాడకం ఎక్కువ. కాని ఆ అలవాటు బలపడేకొద్దీ సరుకు నాణ్యత వాడకాన్ని నేరుగా కదిపే శక్తి తగ్గుతుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. నేను దాన్ని ఇలా అర్థం చేసుకున్నాను. అడిగే అలవాటున్న చోట అరకొర అంకెతోనైనా పని మొదలుపెడతారు, తప్పుంటే ఫోన్ చేసి తిడతారు, ఎవరో ఒకరు సరిచేస్తారు. అడగని చోట అంకె ఎంత శుద్ధంగా ఉన్నా దాని మానాన అది పడి ఉంటుంది. బార్బరా విక్సమ్, హ్యూ వాట్సన్ 2001లో 111 సంస్థల డేటా వేర్‌హౌస్‌లను పరిశీలించి పై యాజమాన్యం అండ ఉంటే సంస్థాగత అడ్డంకులు దాటడం సాధ్యమని చూపించారు. ఈ 'అండ' అన్న మాటను కంపెనీలు బడ్జెట్ మీద సంతకం అనీ, ప్రారంభోత్సవంలో ఉపన్యాసం అనీ అర్థం చేసుకుంటాయి. ఉద్యోగి దృష్టిలో అండ అంటే ఒక్కటే. రివ్యూలో సారు ఏ కాగితం పట్టుకుని ప్రశ్న వేస్తారు? పాత షీటు పట్టుకుంటే అందరి చేతుల్లోనూ పాత షీటే ఉంటుంది.

ఇక్కడే అధికారం గొడవ మొదలవుతుంది. దీని మీద నాకు తెలిసిన మంచి అధ్యయనం 1983 నాటిది. లిన్ మార్కస్ ఒక కంపెనీకి గోల్డెన్ ట్రయాంగిల్ అని మారుపేరు పెట్టి, అక్కడ వచ్చిన ఆర్థిక సమాచార వ్యవస్థ కథ చెప్పారు. అంతకుముందు ఒక్కో విభాగంలోని అకౌంటెంట్లు తమ పుస్తకాలు తామే రాసుకుని, సారాంశం మాత్రం హెడ్డాఫీసుకు పంపేవారు. ఏది చూపాలో, ఎప్పుడు చూపాలో వాళ్ళ చేతిలో ఉండేది. కొత్త వ్యవస్థలో పద్దులన్నీ ఒకే డేటాబేసులో పడ్డాయి. హెడ్డాఫీసు అకౌంటెంట్లు ఎవర్నీ అడక్కుండా లోపలికి చూడగలిగారు. హెడ్డాఫీసువాళ్ళకు అది నచ్చింది. విభాగాలవాళ్ళు ఏళ్ళ తరబడి మొరాయించారు. కొందరు పాత లెడ్జర్లు చేత్తో రాస్తూనే ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఒకటే, మనుషులంతా లెక్కలు తెలిసినవాళ్ళే. మారింది ఎవరి లెక్క ఎవరి చేతికి పోయిందన్నది. శిక్షణ ఇచ్చినా, తెర అందంగా చేసినా ఆ ముడి విడిపోయేది కాదన్నది మార్కస్ వాదన.

తెలుగువాళ్ళకు ఈ కథ కొత్త కాదు. ఊళ్ళో కరణం, తెలంగాణలో పట్వారీ బలమంతా దస్త్రంలో ఉండేది. ఎవరి భూమి ఎంత, ఎవరి పేరున ఎంత శిస్తు అన్నది ఆయన రాతను దాటి పైకి పోయేది కాదు. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984లో ఆ పదవులను రద్దు చేసినప్పుడు పోయింది ఉద్యోగాలే కాదు, దస్త్రం మీద ఇంటి హక్కు కూడా. ఇవాళ ఆఫీసులో 'నా షీటు' అని పాస్‌వర్డు పెట్టుకున్న సీనియర్ ఎగ్జిక్యూటివ్‌ను చూసినప్పుడు నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. పదిహేనేళ్ళుగా ఆయన విలువ ఆ షీటు. డాష్‌బోర్డుకు ఆయనే అడ్డం అని మీటింగులో అనేస్తారు. ఆ షీటు పోయాక ఆయన ఏమవుతాడో చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

సమాచారం సేకరించినంత వాడరన్న సంగతిని మార్తా ఫెల్డ్‌మన్, జేమ్స్ మార్చ్ 1981లోనే రాశారు. సంస్థలు అవసరానికి మించి సమాచారం పోగుచేస్తాయి, చేతిలో ఉన్నది చూడకుండానే ఇంకా కావాలంటాయి. ఎందుకంటే సమాచారం అడగడమే మేము ఆలోచించి నిర్ణయం తీసుకున్నాం అని నలుగురికీ చెప్పుకునే గుర్తు. గోడంత తెరల ముందు నిలబడి ఫొటో దిగడం ఆ గుర్తుకు ఇప్పటి రూపం. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో రియల్ టైమ్ గవర్నెన్స్ పేరుతో సచివాలయంలో అలాంటి తెరలే వెలిగాయి. వాటివల్ల జరిగిన మేలు లేదనను. కాని ఆ తెర మీద ఒక చుక్క పచ్చగా మారాలంటే కింద ఎవరో ఒక మనిషి ఫోన్‌లో నొక్కాలి. 2022లో మొహం చూపించి హాజరు వేసుకునే యాప్ వచ్చినప్పుడు ఆంధ్రా ఉపాధ్యాయులు సొంత ఫోన్లలో అది వేసుకోబోమని ఎదురు తిరిగారు. అంగన్‌వాడీ కార్యకర్త 2021 నుంచి పోషణ్ ట్రాకర్‌లో పిల్లల బరువులు నింపుతోంది. నింపే చేయి ఒకరిది, చూసే కన్ను ఇంకొకరిది. నింపినవాళ్ళకు తిరిగి ఏమీ రానప్పుడు అంకెలు ఎలా వస్తాయో ఏ సూపర్‌వైజర్‌నైనా అడగండి. నెలాఖరు సాయంత్రం అన్నీ ఒకేసారి వస్తాయి.

పై కన్ను ఉన్నంత మాత్రాన పని చెడుతుందని కూడా అనలేం. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదటి విడత చెక్కులు, ఎకరానికి 4,000 రూపాయల చొప్పున, పంచినప్పుడు కార్తీక్ మురళీధరన్, మరో ముగ్గురు ఆర్థికవేత్తలు ఒక పెద్ద ప్రయోగం చేశారు. పథకం 57 లక్షల మంది రైతులది. లాటరీలో తగిలిన మండలాల్లో అధికారులకు ఒక్క మాట చెప్పారు: మీ దగ్గర పంపిణీ ఎలా జరిగిందో రైతులకే ఫోన్ చేసి అడుగుతాం. అంతే. డబ్బు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి వంద రూపాయలకూ అయిన ఖర్చు మూడు రూపాయల అరవై పైసలు. ఏ చార్టూ లేదు, ఏ లాగినూ లేదు. ఎవరో అడుగుతారన్న ఎరుక చాలింది. అడిగేది కూడా రైతు చేతికి చెక్కు చేరిందా అని, వ్యవసాయాధికారి ఎన్ని ఫారాలు నింపాడని కాదు. నిజమైన పనికి దగ్గరగా ఉన్న ప్రశ్న వేస్తే మోసం చేయడం కన్నా పని చేయడమే సులువవుతుంది.

మధ్యప్రదేశ్, జార్ఖండ్‌లలో ఉపాధి హామీ అధికారులకు పేడ్యాష్ అనే యాప్ ఇచ్చి చూసిన ప్రయోగం దీనికి జోడీ. కూలీల చెల్లింపు ఏ అంచెలో ఎక్కడ ఆగిందో ఆ యాప్ చూపించింది. ఆ సమాచారం అంతకుముందు కూడా ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నదే, ఏరుకోవడానికి పూట పట్టేది. ఏరి చేతికిస్తే చెల్లింపులు వేగమయ్యాయి. అందుబాటు లెక్కలోకి రాదన్న స్లొవేనియా ఫలితానికి ఇది ఎదురుగా నిలుస్తుంది. రెంటినీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: చూసినవాడు ఫోన్ తీసి పని కదిలించగలిగిన చోట సులువు పనిచేస్తుంది. చూసి ఊరుకోవాల్సిన చోట ఎంత సులువైనా ఒకటే.

మిగిలినవాటి మీద ఎక్కువ చెప్పాల్సింది లేదు. శిక్షణ కావాలి, రెండు పూటల వర్క్‌షాపు కన్నా పక్క సీటులో తెలిసినవాడు ఉండటం మేలు. వయసు అడ్డమంటారు, యాభై దాటిన స్టాకిస్టులు ఫోన్‌లో షేర్ల ధరలు ఎలా చూస్తున్నారో గమనిస్తే ఆ మాట అనరు. భాష మాత్రం నిజమైన అడ్డే. ఫీల్డు మాట్లాడేది తెలుగు, తెర మాట్లాడేది ఇంగ్లీషు. ఇప్పుడు డాష్‌బోర్డును మాటల్లో అడిగితే జవాబు చెప్పే సాధనాలు వస్తున్నాయి. 'పోయిన నెల కరీంనగర్‌లో ఎందుకు తగ్గింది?' అని తెలుగులో అడిగే రోజు దూరం లేదు. ప్రైమరీయా సెకండరీయా అన్నది తేలనిచోట అది కూడా అంతే ధీమాగా తప్పు చెబుతుంది.

మా కంపెనీలో ఏడాది తరవాత ఒకాయన డాష్‌బోర్డులో ఉన్న ర్యాంకుల పేజీ తీసేసి, దాని చోట ఒక చిన్న పట్టిక పెట్టారు. మూడు నెలల్లో గడువు తీరబోయే సరుకు ఏ స్టాకిస్టు దగ్గర ఎంత ఉందో అందులో ఉంటుంది. గడువు దాటి వెనక్కి వచ్చిన సరుకు ఏరియా మేనేజర్ లెక్కలోనే కోత పడుతుంది కాబట్టి అది ఆయన సొంత తలనొప్పి. పదో రోజున వరంగల్ నుంచి ఫోను.

"తమ్ముడూ, ఆ ఎక్స్‌పైరీ లిస్టులో హన్మకొండవాడి దగ్గర నలభై డబ్బాలు చూపిస్తోంది. అవి పోయిన వారమే నేను జనగామకి మార్పించా. మీ లెక్క తప్పు."

"మీరెక్కడ చూశారన్నా? నేను పంపలేదే."

"నేనే తెరిచాలే. ముందు అది సరిచెయ్."